పరదేశసేవకు పయనమగు నర్సు విద్యార్థినులు

(చోడవరము గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండిన శుభసమయమున సాహిత్యమును గూర్చి మాటలాడుట పరిపాటి. నేడు నేను వేరొక విషయము నెన్నుకొంటిని. నర్సు చదువు చదువుచున్న బాలికలు వైద్యసేవకై కొన్ని వారములపాటు అన్యదేశములకు పోయివచ్చుట లోకమున కలదు. మన పరిసర గ్రామముల ఆడపిల్లలును ఈ చదువులో చేరుచున్నారు. రేపో మాపో మన యింటి పిల్ల "నేనును పోయి రానా?" అని యడుగును. అప్పుడు తలిదండ్రు లేమి చెప్పవలెను? పంపుటకు ముందు ఏమి విచారింపవలెను?

సముద్రము దాటుట మనవారికి క్రొత్త గాదు. ఈ తీరమునుండి "రంగం పోవుట" యన్నది మన పెద్దలకు ఇంటిమాట. బర్మాలోని రేవులలోను, మిల్లులలోను కూలిచేయుటకు ఉత్తరాంధ్రమునుండి వేలమంది ఓడ లెక్కిరి. పొట్టకై దాటినవారి మనుమరాలు పరులకై దాటిన తప్పేమి? తప్పు లేదు. కాని పరుల మేలు నిజముగ జరుగుచున్నదా యను ప్రశ్న మాత్రము మిగులును.

ఈ విషయమున మొదట తలంపునకు వచ్చు పేరు ఫ్లారెన్సు నైటింగేల్. 1854లో ఆమె 38 మంది స్త్రీలతో ఇంగ్లండునుండి తుర్కీదేశమునందలి స్కుటారి సైనికవైద్యశాలకు పోయెను. చేతిలో దీపముతో రాత్రివేళ రోగులను పరామర్శించిన ఆమె రూపమును ఎల్లరు నెఱుగుదురు. కాని ఆమె పోయిన పిమ్మటగూడ ఆ శీతకాలమున మరణములు తగ్గలేదు. 1855 ఫిబ్రవరినాటికి నూటికి 40కి మించెను. మార్చిలో ఆరోగ్యసంఘమువారు వచ్చి మురికికాలువలు బాగుచేయించి, గదులకు గాలి వచ్చునట్లు చేసిన తరువాత అవి వేగముగ తగ్గి నూటికి రెండు మూడుకు దిగినవి. ఈ పాఠమును ఆమె జీవితాంతము మరువలేదు. లెక్కలు వ్రాసి, పటములు గీసి, ప్రభువులకు చూపెను. 1860లో లండనులో నర్సుల పాఠశాలకు పునాది వేసెను. దయ యొక్కటియే చాలదు, కాలువయు శుభ్రముగ నుండవలెనని దీనివలన తెలియుచున్నది.

ఇక మన ఆంధ్రదేశమునకు వత్తము. పరదేశమునుండి మనకు సేవచేయుటకు వచ్చినవారిని తలచుకొన్నచో, మన మెట్లు పోవలెనో తెలియును. ఆనా సారా కూగ్లరు అను అమెరికా వైద్యురాలు 1883లో గుంటూరు చేరెను. పంపిన మిషనువారు మొదట ఆమెను వైద్యమునకు గాక, స్త్రీలకు బోధించుటకే నియమించిరి. పురుషవైద్యుని యెదుటికి రాజాలని మన ఇల్లాండ్ర బాధ చూచి ఆమె తన విద్యను వినియోగించెను. ఆమె శ్రమవలన 1898లో అక్కడ వైద్యశాల వెలసెను. కేథరిన్ ఫాస్ అను నర్సు ఆమెకు తోడై మన తెలుగు బాలికలకు శుశ్రూషావిద్య నేర్పెను. కూగ్లరమ్మ 1930లో గుంటూరులోనే కన్నుమూసెను. ఆమె తెచ్చిన మందులు ఏనాడో అయిపోయినవి. నేర్చుకొన్న తెలుగు పిల్లల చేతులు మాత్రము నిలిచినవి.

మనదేశమునుండి పోయినవారి కథయు నిట్టిదే. 1938లో జపానుతో పోరుచున్న చీనాకు మన జాతీయ కాంగ్రెసు ఐదుగురు వైద్యులను పంపెను. అందులో షోలాపురమునకు చెందిన ద్వారకానాథ్ కోట్నీస్ చీనాభాష నేర్చి, ఆ దేశపు నర్సుల ఉపాధ్యాయిని క్వో చింగ్‌లాన్‌ను వివాహమాడి, 1942లో 32 ఏండ్ల ప్రాయముననే అచ్చట మరణించెను. 1950లో కొరియా యుద్ధమునకు మనదేశము పోరాడు సేనను పంపలేదు. లెఫ్టినెంట్ కర్నల్ ఏ.జి. రంగరాజ్ నాయకత్వమున 60వ పారాచూట్ వైద్యదళమును పంపెను. ఆ దళములో ఒక భాగము యుద్ధరంగమున నుండగా, మరియొక భాగము తేగు పట్టణమున పౌరులకు చికిత్స చేసెను. 2023 ఫిబ్రవరిలో తుర్కీదేశమున భూకంపము వచ్చినప్పుడు ఆ దళమునుండి 99 మంది పోయి, ఇస్కెండెరూన్‌లో 30 మంచముల వైద్యశాల నడిపిరి. పని మారక, 70 ఏండ్లు దాటియు ఒక దళము నిలుచుట సామాన్యము గాదు.

అయితే కూగ్లరమ్మ 47 ఏండ్లకు వచ్చినది. మన విద్యార్థిని మూడు వారములకు పోవుచున్నది. సైనికదళమునకు శిక్షణ ముగిసినది. ఈమెకు ఇంకను సాగుచున్నది. ఈ భేదమును మరచినచో సేవ వినోదయాత్ర యగును. కావున నాలుగు ప్రశ్నలు అడుగుడని తలిదండ్రులకు నా మనవి.

మొదటిది: ఎవరు పిలిచిరి? ఆ యూరివారో, అచ్చటి వైద్యశాలయో కోరినచో సరి. పిలువని పేరంటమునకు పోయినచో ఆతిథ్యమిచ్చుటే ఆ బీదలకు బరువగును.

రెండవది: పైన నిలిచి చూచు వారెవరు? ఇచ్చట పెద్దనర్సు ప్రక్కన లేక సూదివేయుటకు అధికారము లేని పిల్లకు, సముద్రము దాటినంత మాత్రమున ఆ అధికారము వచ్చునా? ఇచ్చట ఒంటరిగ పురుడు పోయని చేయి అచ్చట పోయవచ్చునా? బీదవాని దేహము చదువుకొనువారి పలక గాదు. రోగి బాధను బొమ్మతీసి బంధువులకు పంపుటయు అట్టి తప్పే.

మూడవది: భాష యేది? కడుపునొప్పి యని రోగి చెప్పిన మాట ఎట్టి నొప్పియో, ఎప్పటినుండియో తెలియనిదే శుశ్రూష లేదు. దుబాసి యుండవలెను, పది మాటలైనను నేర్చి పోవలెను.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది: వీరు వచ్చేసిన మరునాడు ఏమి జరుగును? రక్తపోటుకు పదిదినముల మాత్రలిచ్చి వచ్చినచో పదునొకండవ దినమున ఆ ముదుసలి గతి యేమి? పుండునకు కట్టిన కట్టు ఎవరు విప్పి మార్చెదరు? చేసిన చికిత్స చీటీపై వ్రాసి, స్థానిక వైద్యశాలకు అప్పగించి వచ్చిననే ఆ పని పూర్తి యగును.

ఈ నాలుగింటికి తగిన సమాధానము దొరకినచో, అమ్మాయిని ఆశీర్వదించి పంపుడు. ఆమె చేయు పని చిన్నది: చేతులు కడుగుకొనుట నేర్పును, బిడ్డలను తూచును, ఉప్పు చక్కెర కలిపిన నీరు తల్లిచే కలిపించి చూచును. కాని నేర్చుకొనునది పెద్దది. మన పద్ధతి ఒక్కటే పద్ధతి గాదని, బీదతనమునకు బుద్ధిమాంద్యమునకు సంబంధము లేదని ఆమె కన్నులార చూచును. ఆ వినయముతో తిరిగివచ్చిన నర్సు మన రోగులకును మేలు చేయును.

ఇంకొక మాట. పరదేశ మనగా ఓడయో విమానమో ఎక్కవలెనని లేదు. మన చోడవరమునుండి వడ్డాది, మాడుగుల దారిబట్టి ఘాటురోడ్డెక్కినచో పాడేరు. 2022లో మనము అనకాపల్లి జిల్లాలోను, ఆ కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోను చేరితిమి. గీత క్రొత్తది గాని, దూరము పాతదే. దారిలేని గూడెములనుండి నిండుచూలాలిని డోలీలో మోసికొని దిగుచున్నారన్న వార్త నేటికిని చదువుచున్నాము. కువిభాష మాటలాడు ఆ తల్లికి తెలుగు నర్సు పరదేశీయురాలే. పై నాలుగు ప్రశ్నలు అచ్చటను వర్తించును. ముందు ఘాటు దాటి, పిమ్మట సముద్రము దాటినచో ఆ పిల్లకు అనుభవమును, ఆ పయనమునకు అర్హతయు కలుగును.

ఈ గ్రంథాలయము చేయదగిన పనియు కలదు. రోగిశుశ్రూషను గూర్చిన తెలుగు పుస్తకములకు ఒక బీరువా కేటాయించవచ్చును. కువి మాటలు తెలిసినవారిచే కడుపు, తల, జ్వరము, దాహము మొదలగు నూరు మాటలు వ్రాయించి, తెలుగు అర్థములతో చిన్న పట్టిక చేయించవచ్చును. సేవకు పోయివచ్చిన విద్యార్థినిని ఇచ్చటికి పిలిచి, ఏమి యిచ్చితి వని గాక, ఏమి నేర్చితి వని యడుగవచ్చును.

నర్సు చదువు తక్కువ చదువని యెంచు ఇండ్లు ఇంకను కొన్ని యున్నవి. జ్వరముతో పడినప్పుడు నుదుట చేయివేయు మనిషి విలువ ఆ యిండ్లవారికిని తెలియును. ఆ చేయి మన బిడ్డదైనచో గర్వింపుడు. అది ఎచ్చట, ఎవరి అనుమతితో, ఎంత నేర్పుతో పనిచేయుచున్నదో విచారింపుడు. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము నందుకొనవలెనని కోరుచున్నాను.