మొక్కజొన్న సంచి మట్టిలో కలిసేదెలా?

(దమ్మాయిగూడలో భక్తుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠం)



తిరుమలలో లడ్డూ ప్రసాదానికి 2021 ఆగస్టులో కొత్త సంచులను ప్రవేశపెట్టిన సంగతి మీకు విదితమే. మన హైదరాబాదులోని డీఆర్‌డీఓ ప్రయోగశాల వాటిని మొక్కజొన్న పిండిపదార్థంతో రూపొందించింది. తొంభై దినములలో అవి క్షయిస్తాయని నాడు ప్రకటించారు. నేడు అటువంటి సంచులు అంగళ్లలోనూ లభిస్తున్నవి. వాటిని కూరగాయల తొక్కలతోపాటు ఎరువు కుండలో వేస్తే చాలునని మనం భావిస్తాము. కొన్ని నెలల తరువాత కుండ తెరిస్తే పేలికలు కనిపిస్తాయి. ఆ పేలికలతోనే ఎరువు తులసికోటకు చేరుతున్నది.

ఇందుకు కారణం వేడి. ఈ సంచులలో పిండిపదార్థంతోపాటు ఇతర పాలిమర్లను కూడా కలుపుతారు. పిండిని సూక్ష్మజీవులు త్వరగా తినివేస్తాయి. తక్కినది విడిపోవుటకు అధికోష్ణం అవసరం. కంపోస్టబుల్ ప్లాస్టిక్కును ప్రమాణబద్ధంగా పరీక్షించేది సుమారు 58 డిగ్రీల వద్ద. అక్కడ 12 వారాలలో నూటికి తొంభై పాళ్లు రెండు మిల్లీమీటర్ల జల్లెడ దాటాలి. పెద్ద ఎరువు కుప్ప తన వేడిని తానే నిలుపుకొంటుంది. మన చిన్న కుండ నిలుపుకొనలేదు. ఇంటి కంపోస్టుకు తగినవని ముద్ర పొందిన వస్తువులలోనే నూటికి 60 పూర్తిగా విచ్ఛిన్నం కాలేదని లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2022లో వెల్లడించారు.

కనుక ముందుగా సంచి మీది అక్షరాలు చదవండి. ‘బయోడిగ్రేడబుల్’ అన్న మాట ఒక్కటే చాలదు. ‘కంపోస్టబుల్’ అని, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం సంఖ్యతో సహా ఉండాలి. అది లేనిదానిని కుండలో వేయవద్దు. కొన్ని రకాలు ఎండకు ముక్కలై మట్టిలో కంటికి కనిపించని ప్లాస్టిక్కుగా మిగిలిపోతాయి.

ధ్రువీకృతమైన సంచిని సైతం అంగుళం ముక్కలుగా కత్తిరించి, కొద్దికొద్దిగా మాత్రమే వేయండి. తొక్కలు, ఎండుటాకులు, కొంచెం పేడ లేక పాత ఎరువు కలపండి. పిండిన గుడ్డవలె తడి ఉండాలి. వారానికొకసారి తిరగవేయండి. మొదట ఒక ముక్కను వలసంచిలో కట్టి కుండలో పాతి, నెలకొకసారి పరీక్షించండి. అది కరిగితేనే తక్కినవి వేయండి. ఎరువు సిద్ధమైనాక జల్లించి, మిగిలిన ముక్కలను మరుసటి కుండలో చేర్చండి. జల్లించని ఎరువును మొక్కలకు వేయరాదు.

కుండలో కరగని సంచిని తడిచెత్తలో కలిపితే దానిని వేరుచేయడం దుష్కరం. చెత్తకుప్ప లోతున గాలి ఆడదు. అక్కడ కుళ్లేది మీథేన్ వాయువునిస్తుంది. జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు పొరుగున ఉన్న దమ్మాయిగూడ వాసులకు ఆ గాలి ఎటువంటిదో వేరుగా చెప్పనక్కరలేదు. పారవేసిన చెత్త ఎక్కడికో పోతుందని ఇతరులు అనుకొనవచ్చును. మనకు ఆ అవకాశం లేదు.

ఈ సంచులు చెడ్డవని నా అభిప్రాయం కాదు. పశువు మేతలో పడే పాలిథిన్ కంటే ఇవి మేలు. అయితే సంచి మంచిదైనంత మాత్రాన మన బాధ్యత తీరదు. దర్శనానికి వెళ్లునపుడు ఒక గుడ్డసంచిని, ప్రసాదానికొక స్టీలు డబ్బాను వెంట తీసుకొనిపోదాము. అప్పుడు కరిగించవలసిన సంచియే ఇంటికి రాదు.

స్వస్తి.