బ్లేమ్ అనే కమాండు



పట్టభద్రులైన మీకు నన్ను పరిచయం చేసినవారు డెవాప్స్ కోచ్ అన్నారు. మా అమ్మకు ఈ మాట ఇప్పటికీ అర్థం కాదు. కోడు రాసేవాళ్లనూ, దాన్ని సర్వర్ల మీద నడిపేవాళ్లనూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి మాట్లాడించడం నా పని అని చెప్తాను. "దానికి జీతమా?" అంటుంది.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆ రెండు జట్లూ వేర్వేరు అంతస్తుల్లో ఉండేవి. రాసినవాళ్లు శుక్రవారం సాయంత్రం ఫైళ్లు అప్పజెప్పి ఇళ్లకు వెళ్లేవారు. వాటిని ఎక్కించడానికి సర్వర్లు నడిపే మేం రాత్రంతా మేలుకునేవాళ్లం. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. మా దగ్గర దురదంతా కత్తిపీటదే. అలాంటి ఒక రాత్రి ఒక సర్వర్‌లో సెట్టింగు ఒకటి చేత్తో మార్చాను. ఎక్కడా రాసిపెట్టలేదు. పది రోజులకు కొత్త వెర్షన్ ఎక్కించగానే సైటు పడిపోయింది. కారణం నాకు తెలుసు. మీటింగులో మాట ఆ కోడు రాసిన అబ్బాయి మీదికి పోయింది. నేను నోరు విప్పలేదు. ఆ గది, అతని మొహం ఇప్పటికీ నా కళ్లముందు కదలాడతాయి.

2009 జూన్‌లో అమెరికాలో జరిగిన వెలాసిటీ సదస్సులో ఫొటోల సైటు ఫ్లికర్ ఇంజనీర్లు జాన్ ఆల్‌స్పా, పాల్ హామండ్ తమ దగ్గర ఈ రెండు జట్లూ కలిసి పనిచేస్తూ రోజుకు పదిసార్లకు పైగా కొత్త కోడు ఎక్కిస్తున్నాయని చెప్పారు. అదే ఏడాది అక్టోబరులో బెల్జియంలోని గెంట్‌లో పాట్రిక్ డెబ్వా జరిపిన సమావేశంతో డెవాప్స్ అన్న పేరు నిలిచింది. ఆ ఫ్లికర్ ప్రసంగంలో టూల్స్ ఉన్నాయి, తప్పు జరిగితే వేలెత్తి చూపకూడదన్న మాటా ఉంది. మనం టూల్స్ తెచ్చుకున్నాం, ఆ మాటను వదిలేశాం.

ఆ మాట ఆచరణలో ఎలా ఉంటుందో చెప్తాను. 2017 జనవరి 31 రాత్రి, కోడు దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు, రెండో డేటాబేస్ సర్వర్ మీద ఉన్నాననుకుని అసలు సర్వర్ మీదే ఫోల్డరు తుడిచేసే కమాండు కొట్టాడు. ఒకటి రెండు సెకన్లలో తెలుసుకుని ఆపాడు. అప్పటికే సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. సరే, బ్యాకప్ ఉంటుంది కదా అని చూస్తే, రోజూ తయారవ్వాల్సిన కాపీ తయారవడమే లేదు. పాత వెర్షన్ టూలు కొత్త వెర్షన్ డేటాబేస్ ముందు చేతులెత్తేస్తోంది. ఆ సంగతి చెప్పే మెయిళ్లు వెళ్తున్నాయి గానీ అవతలి సర్వర్ వాటిని తిప్పికొడుతోంది. చివరికి ఆదుకున్నది, అదే ఇంజనీరు ఆరు గంటల ముందు వేరే పనికోసం చేత్తో తీసుకున్న కాపీ. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది.

కంపెనీ తలుపులు మూసుకోలేదు. రిపేరు పనిని యూట్యూబ్‌లో లైవ్ పెట్టింది, రాసుకుంటున్న నోట్సు అందరికీ తెరిచింది. తర్వాత వచ్చిన నివేదికలో ఆ ఇంజనీరు పేరు కనబడదు. బ్యాకప్ ఎందుకు ఆగింది, అది ఎవరి కంటా ఎందుకు పడలేదు అన్నవే కనబడతాయి. చదవండి, దొరుకుతుంది.

అలా తలుపులు తెరిచి ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి, ఏదైనా జట్టు దగ్గరికి వెళ్తే నేను ముందు స్లాక్ అనే చాటింగ్ యాప్‌లో వాళ్ల ఉమ్మడి చానెల్ చూస్తాను. బిల్డులు నడిపే జెంకిన్స్, పనుల జాబితా ఉండే జీరా తర్వాత. ఆ చానెల్‌లో 'ఓకే', 'డన్', బొటనవేలి బొమ్మలు తప్ప ఏమీ లేవంటే అసలు మాటలు మరెక్కడో నడుస్తున్నాయన్నమాట. "అన్నా, బిల్డ్ పోయింది, ఎవరికీ చెప్పకుండా ఒకసారి చూడవా" అని ఒకరి వాట్సాప్‌కు మెసేజ్ పోతుంది. అన్న మంచివాడు, చూస్తాడు. వారానికి అదే బిల్డ్ ఇంకొకరికి పోతుంది, వాళ్లూ ఆ అన్ననే వెతుక్కుంటారు. అన్న చెల్లెలి పెళ్లికి సెలవు పెట్టిన వారం ప్రాజెక్టు కదలదు. నలుగురిలో అడిగితే చిన్నతనమన్న భయం మనకు క్లాసురూములోనే పట్టుకుంది. అధ్యాపకులు మన్నించాలి.

కోడులో మార్పుల చరిత్రను దాచే గిట్ అనే టూల్‌లో 'బ్లేమ్' అని ఒక కమాండుంది. ఫైల్లో ఏ లైను ఎవరు, ఎప్పుడు చివరిసారి మార్చారో చూపిస్తుంది. పేరు చూసి జడుసుకోకండి. ఆ లైను అలా ఎందుకుందో ఎవరిని అడగాలో తెలుసుకోవడానికే మంచి జట్లు దాన్ని వాడతాయి. నా ఆనాటి మార్పు దానికి దొరికేది కాదు, చేత్తో చేశాను గనక. ఇప్పుడు సర్వర్ల సెట్టింగులు కూడా గిట్‌లోనే ఉంచుతున్నారంటే, నాలాంటివాళ్లు చేసిన నిర్వాకాలు కూడా ఒక కారణమే.

మీలో చాలామంది త్వరలో ఏదో ఒక జట్టులో చేరతారు. మొదటి వారంలోనే, అదీ ఉమ్మడి చానెల్‌లోనే, ఒక్క ప్రశ్న వేయండి: మన బ్యాకప్‌ను చివరిసారి తిరిగి ఎక్కించి చూసింది ఎప్పుడు? రెండు రోజులైనా జవాబు రాకపోతే, ఆ పని నేను చేస్తాను, పక్కన ఎవరైనా కూర్చోండి అని దాని కిందే రాయండి.