హెచ్.ఐ.వి. - లెక్కయు, న్యాయమును

పెద్దలారా,

నేను అంటువ్యాధుల లెక్కలు కట్టు వైద్యురాలను. విజయవాడ చుట్టుపట్ల పల్లెలలో హెచ్.ఐ.వి.ని గూర్చి పనిచేసితిని. ఆ పనిలో నేర్చిన సంగతి నొకదానిని నేడు మీకు మనవి చేసెదను.

లాకు వద్ద నీటిమట్టము చూచి శివారు చేను తడిసినదని యే రైతును చెప్పడు. రోగముల లెక్కయు నట్టిదే. ఈ వ్యాధి యెందరికి గలదో, పూర్వము ప్రభుత్వాసుపత్రులకు వచ్చు గర్భిణులను, సుఖరోగులను పరీక్షించి యంచనా కట్టెడివారు. 2004-05లో లలిత్ దండోనా, రాఖీ దండోనా గారలును, వారి తోడి పరిశోధకులును కృష్ణకు ఆవలనున్న అప్పటి గుంటూరు జిల్లాలో పల్లెలు, పట్టణములు తిరిగి, 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల 12,617 మందిని పరీక్షించిరి. లెక్కగట్టగా నూటికి 1.72 మందికి వ్యాధి యున్నట్లు తేలినది. ఆసుపత్రులను బట్టి కట్టిన యంచనా దీనికి రెండింతలకు మించి యుండెను. వ్యాధి యనుమానము గలవారిని ఇతర వైద్యులు ప్రభుత్వాసుపత్రికి పంపుచుండుటయే యిందుకొక కారణము. 2007లో దేశపు లెక్కయు 50 లక్షలకు పైనుండి సుమారు 25 లక్షలకు దిగినది.

ఇంటిలోని లెక్కయు నిట్లే తప్పును. గర్భిణికి పరీక్ష ముందు జరుగును. కావున వ్యాధి తరచుగా భార్యయందే మొదట బయటపడును. ఒక పల్లెలో నేనొక చూలాలికి ఫలితము చెప్పి పంపితిని. ఆమె యొప్పుదలతో భర్తను గూడ పిలిపింపవలసినది; పిలిపింపనైతిని. అది నా తప్పు. ఆమె యింట చెప్పగానే, "ఈ రోగము తెచ్చినది నీవే" యని అత్తవారు పుట్టింటికి పంపివేసిరి. ఆ యూరి పెద్ద యొకరు వారిని ఒక్క మాట యడిగిరి: "అబ్బాయికి పరీక్ష చేయించితిరా?" చేయింపగా అతనికిని ఉన్నది. పరీక్ష వ్యాధి కలదని చెప్పును గాని, ఎవరినుండి యెవరికి వచ్చెనో చెప్పదు. ఆ పెద్దయే వెళ్లి యా బిడ్డను తిరిగి తెచ్చిరి.

2004 ఏప్రిలు 1 నుండి ప్రభుత్వము ఈ మందుల నుచితముగా నిచ్చుచున్నది. మందు లేనిచో తల్లినుండి శిశువునకు నూటికి 15 మొదలు 45 వరకు సోకవచ్చును. క్రమముగా వాడినచో 5 కంటె తక్కువ. ఇల్లు వెడలగొట్టబడిన స్త్రీ మందు క్రమముగా నెట్లు వాడగలదు? రోగులయెడ వివక్షను 2017 నాటి చట్టము నిషేధించినది. కాని చట్టముకంటె ముందు ఆ గడప చేరగలవారు మీరే. తీర్పు చెప్పుటకు ముందు ఆ పెద్ద యడిగిన ప్రశ్న నడుగుడని నా ప్రార్థన.