కుక్కపిల్ల కడుపు నొప్పి – రేపటికి వాయిదా వేయరాని ఫైలు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డీఆర్ బకాయిల గురించి మాట్లాడవలసిన వేదిక మీద కుక్కపిల్ల విరేచనాల గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు ముందు నవ్వారు. తర్వాత ఆయనే, "మా ఇంట్లోనూ ఒకటి ఉందండీ, చెప్పండి" అన్నారు. మనలో చాలామంది ఇళ్ళలో ఇదే పరిస్థితి. మనవలు ముచ్చటపడి కుక్కపిల్లను తెస్తారు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు, పిల్లలు బడికి వెళ్ళిపోతారు. పగలంతా దాన్ని కనిపెట్టుకుని ఉండేది మనమే.

నేను డాక్టరును కాను. ఖజానా కార్యాలయంలో ముప్పై మూడేళ్ళు గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు చెప్పేది కొంత పశువైద్యులు నాకు చెప్పినది, కొంత నా పొరపాటు వల్ల నేర్చుకున్నది.

కొన్నేళ్ళ క్రితం మా మనవడు రెండున్నర నెలల పిల్లను తెచ్చాడు. చిట్టి అని పేరు పెట్టాడు. అమ్మినవాడు "ఇంజక్షన్లన్నీ అయిపోయాయి" అన్నాడు. కార్డు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఓచరు లేనిదే బిల్లు పాసు చేయనివాణ్ణి, అక్కడ మాత్రం నోటిమాట నమ్మాను.

వచ్చిన ఐదో రోజు ఆదివారం. ఉదయం చిట్టి తిండి ముట్టలేదు. మధ్యాహ్నం రెండుసార్లు వాంతి చేసుకుంది. సాయంత్రానికి నీళ్ళ విరేచనాలు. "కుక్కపిల్లలకు ఇది మామూలే, రేపు చూద్దాం" అన్నాను. నేను వేసుకునే విరేచనాల మాత్రలో సగం మజ్జిగలో కలిపి తాగించాను. ఆదివారం పూట ఆటో, ఫీజు ఎందుకనే లెక్క కూడా మనసులో ఉంది. దాచడం దేనికి! తెల్లవారేసరికి విరేచనంలో నెత్తురు, భరించలేని వాసన. ఆసుపత్రిలో పార్వో జబ్బు అన్నారు. సెలైన్ ఎక్కించారు. మూడో రోజున పోయింది.

"తాతయ్యా, ఆదివారమే తీసుకెళ్ళి ఉంటే బతికేదా?" అని మనవడు అడిగాడు. నేను డాక్టరుగారిని అదే అడిగాను. "తప్పక బతికేదని చెప్పలేను. అవకాశం మాత్రం ఎక్కువ ఉండేది" అన్నారు.

అప్పుడు ఆయన వివరంగా చెప్పారు. పిల్ల ఒళ్ళు చిన్నది. పెద్ద కుక్క ఒక రోజు తట్టుకునే వాంతులు, విరేచనాలకు పిల్ల కొన్ని గంటల్లోనే నీరసిస్తుంది. ఒంట్లో నీరు, చక్కెర పడిపోతాయి. పార్వో క్రిమి పేగుల లోపలి పొరనే పాడుచేస్తుంది. మూడు నుంచి ఏడు రోజులు లోపల దాగి ఉండి బయటపడుతుంది. అంటే మా చిట్టి జబ్బుతోనే మా ఇంటికి వచ్చి ఉండవచ్చు.

అయితే ప్రతి విరేచనానికీ కంగారు పడనక్కరలేదు. తిండి హఠాత్తుగా మార్చినా, ఆవుపాలు, గేదెపాలు పోసినా, మన తాలింపు కూరలు పెట్టినా కడుపు చెడుతుంది. టీకాలు సక్రమంగా పడిన పిల్ల, హుషారుగా ఆడుతూ, నీళ్ళు తాగుతూ, ఒకటి రెండుసార్లు మెత్తగా వెళ్ళిందంటే ఒక రోజు గమనించవచ్చు. మెత్తగా ఉడికిన అన్నంలో చర్మం, ఎముకలు తీసి ఉడికించిన కోడిమాంసం కలిపి, ఉప్పూ కారం నూనె లేకుండా కొద్దికొద్దిగా నాలుగైదుసార్లు పెట్టాలి. మాంసం వండని ఇళ్ళవారు ఏం పెట్టాలో డాక్టరునే అడగాలి. పసిపిల్లను పస్తు ఉంచకూడదు.

ఇక ఆలస్యం చేయరాని సందర్భాలు:

1. టీకాలు పూర్తికాని పిల్లకు వాంతులు గానీ, నీళ్ళ విరేచనాలు గానీ పదేపదే అవుతుంటే.
2. విరేచనంలో నెత్తురు కనిపించినా, తారులా నల్లగా ఉన్నా.
3. తాగిన నీళ్ళు కూడా నిలవకుండా కక్కేస్తుంటే.
4. తిండి మానేసి, పిలిచినా లేవకుండా పడి ఉంటే.
5. చిగుళ్ళు పాలిపోయినా, జిగటగా ఆరిపోయినా. చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోట రెండు సెకన్లలో మళ్ళీ గులాబీ రంగు రావాలి.
6. పొట్ట ఉబ్బి, కక్కబోయినా ఏమీ రాకపోతే.
7. మామిడి టెంక, ఎముక, పూలదండ దారం వంటివి మింగితే. దారం వేలాడుతుంటే లాగకండి, లోపల పేగు తెగుతుంది.
8. ఎలుకల మందు, చాక్లెట్, ఉల్లి, ద్రాక్ష, పాయసంలో వేసే కిస్‌మిస్ తింటే. మన బీపీ, షుగరు మాత్రలూ ఇందులోకే వస్తాయి. మన చేతిలోంచి జారిన మాత్ర దాని నోట్లోకే పోతుంది.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద రాసుకోండి: ఎప్పుడు మొదలైంది, ఎన్నిసార్లు, ఏం తిన్నది, టీకాలు ఏ తేదీల్లో పడ్డాయి. ఇది మనకు అలవాటైన పనే. మన మందులు మాత్రం డాక్టరు చెప్పనిదే వేయకండి.

జబ్బు రాకముందు చేయవలసినవి రెండు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకాలు మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి పదహారు వారాలు నిండేవరకు వేయించాలి. తల్లి నుంచి వచ్చిన రక్షణ తొలి టీకాను పనిచేయనీయకపోవచ్చు, అందుకే ఒక్కటి చాలదు. రెండోది, నులిపురుగుల మందు. పుట్టిన రెండో వారం నుంచి మూడు నెలల వరకు రెండు వారాలకొకసారి, ఆపైన డాక్టరు చెప్పినట్టు. ఈ పురుగులు మన మనవలకూ సోకుతాయి కాబట్టి చేతులు కడిగించండి.

పార్వో వచ్చిన ఇంట్లో ఫినాయిల్ చాలదు. మలం ఎత్తేసి, కడిగి, బ్లీచింగ్ నీళ్ళతో పది నిమిషాలు తడిగా ఉంచాలి. పెరటి మట్టిలో ఆ క్రిమి నెలల తరబడి బతుకుతుంది. అందుకే టీకాలన్నీ పూర్తయిన పిల్లనే తెచ్చుకోమన్నారు. మేము అలాగే చేశాము. ఈసారి కార్డు చూసి, తేదీలు సరిపోల్చుకుని తెచ్చాను.

ఆ పిల్ల ఒక సాయంత్రం మూడుసార్లు వాంతి చేసుకుంది. ఆటో పిలిచాను. డాక్టరుగారు పరీక్షించి, "ఏమీ లేదండీ, గడ్డి తిన్నట్టుంది" అన్నారు. అనవసరంగా శ్రమ ఇచ్చానేమో అంటే, "ఊరికే వచ్చి వెళ్ళేవాళ్ళంటేనే నాకు సంతోషం" అన్నారు. ఆటోకు ఆ రోజు ఎంతిచ్చానో నాకు గుర్తులేదు. చిట్టిని తీసుకెళ్ళని ఆదివారం మాత్రం గుర్తుంది.