ఏ ఏరియాలో లాగిన్ అవ్వాలి?

(యూనివర్సిటీ విద్యార్థుల సమావేశంలో ఒక ఫుడ్ డెలివరీ రైడర్ చేసిన ప్రసంగ పాఠం)



గిగ్ ఎకానమీ మీద మాట్లాడమని పిలిచారు. దాని మీద పేపర్లు రాసినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. నేను మాత్రం రోజూ బండి తీసేటప్పుడు వేసుకునే ప్రశ్ననే తెచ్చాను: ఈ రోజు ఏ ఏరియాలో లాగిన్ అవ్వాలి? హాస్టల్ ఖర్చులకు సాయంత్రాలు బండి నడిపే తమ్ముళ్లు మీలోనూ ఉన్నారు కాబట్టి ముందు లెక్క చెప్తాను.

కొత్తగా వచ్చినవాళ్లు ఆర్డరుకు ఎంత వస్తుందో చూస్తారు. గంటకు ఎంత మిగులుతుందో చూడాలి. గచ్చిబౌలి నుంచి కోకాపేట వైపు 8 కిలోమీటర్ల ఆర్డర్ పడింది, 70 రూపాయలు చూపించిందనుకోండి. తిరుగు ఆర్డర్ పడకపోతే ఖాళీగా రావాలి. రానూపోనూ 16 కిలోమీటర్లు. పెట్రోలు లీటరు 107 రూపాయలు అనుకుని, బండి 45 మైలేజీ ఇస్తే 38 రూపాయలు ట్యాంకులోకే పోయాయి. గంట గడిచాక మిగిలింది 32. అదే అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల మధ్య 25 రూపాయల చిన్న ఆర్డర్లు గంటకు మూడు పడితే 75. పెట్రోలుకు 20 తీసేసినా 55 చేతిలో ఉంటాయి. అందుకే పాత రైడర్లు పెద్ద ఆర్డర్ కన్నా దగ్గరి ఆర్డర్ కోరుకుంటారు.

వేళను బట్టి ఏరియా మారుతుంది. మధ్యాహ్నం ఆఫీసులున్న మాదాపూర్, రాత్రి హాస్టళ్లున్న కేపీహెచ్‌బీ, రంజాన్ నెలలో టోలిచౌకి, మెహిదీపట్నం. మ్యాప్ ఎర్రబడిందని మాత్రం పరిగెత్తకండి, మీరు చేరేసరికి అందరూ అక్కడే ఉంటారు.

ఇంతవరకూ ఏ రైడరైనా చెప్తాడు. మ్యాప్‌లో కనిపించని లెక్క ఇంకొకటుంది. పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో గేటు దగ్గర ఎంట్రీ, ఫోన్లో పర్మిషన్, బండి బయటే, ఆ తర్వాత సర్వీస్ లిఫ్ట్ కోసం ఎదురుచూపు. పక్కనే మెయిన్ లిఫ్ట్ ఖాళీగా ఉంటుంది. దాన్ని పనివాళ్లు, డెలివరీ బాయ్స్ వాడితే జరిమానా అని హైదరాబాద్‌లోనే ఒక అపార్ట్‌మెంట్‌లో పెట్టిన బోర్డు ఫోటో 2023లో దేశమంతా తిరిగింది. ఆ బోర్డు మీద ఏ కులం పేరూ లేదు, అవసరం కూడా లేదు. ఎవరు ఎటువైపు నిలబడాలో మన ఊళ్లు ఎప్పుడో నేర్పాయి. ఆ పావుగంటకు మాకు డబ్బు రాదు. గంటకు మూడు పడాల్సిన ఆర్డర్లు రెండయ్యేది అక్కడే.

ఇక పేరు సంగతి. ఆర్డర్ ఒప్పుకోగానే మా పేరు, ఫోటో కస్టమర్ ఫోన్లోకి వెళ్తాయి. ముస్లిం డెలివరీ మనిషి వద్దని హైదరాబాద్ కస్టమర్ ఒకరు ఆర్డర్‌తో పాటు రాసిన స్క్రీన్‌షాట్ 2022 ఆగస్టులో బయటకొచ్చింది. మా విషయంలో అలా రాయరు. తలుపు దగ్గర నిలబెట్టి, "ఏ ఊరు బాబూ? ఇంటిపేరేంటి?" అని ప్రేమగా అడుగుతారు. రేటింగ్ ఆయన చేతిలో ఉంది కాబట్టి నవ్వుతూ జవాబు చెప్పాలి.

అసలు ఏ ఏరియాలో పనిచేయగలమో తేల్చేది గది. లాగిన్ అయ్యే చోటికి దగ్గర్లో ఉంటే ఖాళీగా తిరిగే కిలోమీటర్లు తగ్గుతాయి, మధ్యాహ్నం ఇంటికెళ్లి అన్నం తినొచ్చు. కానీ ఆర్డర్లు బాగా పడే ఏరియాలోనే టులెట్ బోర్డు కింద "మీరేమిట్లు?" అనే ప్రశ్న కూడా ఉంటుంది. నాకు రెండుసార్లు అడ్వాన్స్ వెనక్కిచ్చారు. 1917లో, విదేశాల్లో చదివొచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరిన బాబాసాహెబ్‌కు ఊళ్లో ఉండడానికి చోటు దొరకలేదు. పార్శీ సత్రంలో పార్శీ పేరుతో తలదాచుకుంటే, సంగతి తెలిసి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఇప్పుడు గదికైనా యాప్‌కైనా ఆధార్ ఇవ్వాలి, వేరే పేరు చెప్పే వీలు కూడా లేదు. నేను రోజూ 14 కిలోమీటర్లు వెళ్లి లాగిన్ అవుతాను. ఆ పెట్రోలు ఖర్చును ఏ కాలమ్‌లో రాయాలో మీ ఎకనామిక్స్ వాళ్లు చెప్పాలి.

చట్టాలు రావడం మొదలైంది. రాజస్థాన్ 2023లో చేసింది, కర్ణాటక 2025లో చేసింది. యాప్ తనంతట తాను తీసుకునే నిర్ణయాల గురించి కార్మికులకు తెలియజేయాలని కర్ణాటక చట్టంలో ఉంది. మంచిదే. ఆర్డర్లు ఎవరికి, ఏ లెక్కన పడుతున్నాయో తెలియాలి. కానీ గేటు దగ్గర పోయిన నిమిషాలకు కూడా కూలి కట్టాలని మేము అడుగుతున్నాం. అడగాలంటే చేతిలో లెక్క ఉండాలి. ఏ గేటు దగ్గర ఎన్ని నిమిషాలు, ఏ లిఫ్ట్, ఏ హోటల్లో మంచినీళ్లు ఇస్తారు, ఎక్కడ టాయిలెట్ వాడనిస్తారు అన్నది మేం కొందరం నోటుబుక్కులో రాసుకుంటున్నాం. దాన్ని పద్ధతిగా రాయడానికి సర్వే చేయడం తెలిసిన మనుషులు కావాలి.

మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా ఆర్డర్లు తక్కువ. ఆ వేళలో తార్నాక వైపు చెట్ల కింద బండ్ల మీద కూర్చుని ఉంటాం. పెన్ను పట్టుకుని రండి.