చిలుక భయము – దాని చికిత్స



ముప్పదినాలుగు సంవత్సరములు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. నేడు ఏదో పద్యమునకు తాత్పర్యము చెప్పుదునని మీరు తలంచుచుందురు. కాని నేను నేడు చెప్పబోవునది, వృద్ధాప్యమున ఒక చిలుక నాకు నేర్పిన పాఠము.

మా వీధిలో ఒక గృహస్థు పట్టణమున నున్న కుమారుని యొద్దకు పోవుచు, అరుగుమీద చిలుక పంజరమును విడిచిపోయెను. దానికి తిండి పెట్టుడని ఎవరితో చెప్పెనో, చెప్పనే లేదో తెలియదు. కొన్ని దినములు గడచిన పిమ్మట ప్రక్కయింటి పిల్లవాడు పరుగెత్తివచ్చి, “తాతగారూ, చిలుక తన ఈకలు తానే పీకుకొంటున్నది” అనెను. పోయి చూచితిని. అది రామచిలుక. మెడచుట్టును గులాబివన్నె రేఖ గల మగపక్షి. ఱొమ్మున ఈక యొక్కటియు లేదు. చర్మము కమిలి యుండెను. రెక్కల ఈకలను ఎవరో కత్తెరతో కత్తిరించి యుండిరి. నేను చేయి చాపగానే అది మూలకు పోయి, ఊచలకు తల మోదుకొనుచు అఱచెను.

పంజరమును మా యింటికి తెచ్చితిని. కావ్యములలోని చిలుకలను ఎఱుగుదును గాని ప్రాణముతో నున్న చిలుకను నేనెఱుగను. చిలుక యనగా మాటలు నేర్చునది యని నమ్మి, జామపండు ముక్క పెట్టి, ఎదుట పీట వేసికొని, కన్నార్పక చూచుచు “రామ రామ” యనుమని గంటసేపు చెప్పితిని. దిష్టి తగిలినదని నా యిల్లాలు సాంబ్రాణి ధూపము వేసెను. వీధిలోని పిల్లలందఱు చుట్టు మూగిరి. మేమందఱము ప్రేమతోనే చేసితిమి. మూడవనాటికి చిలుక తినుట మానెను. మిగిలిన ఈకలను గూడ పెఱుకుకొన సాగెను. అర్ధరాత్రమున ఉలికిపడి రెక్కలు కొట్టుకొనుచుండెను.

అప్పుడు పంజరముపై గుడ్డ కప్పి పశువైద్యశాలకు కొనిపోతిని. అచ్చటి వైద్యుడు నా పూర్వశిష్యుడే. అతడు చిలుకను చూచి, “మాస్టారూ, కోపగించకండి. మీరు దీనిని ఇంట పెంచుకొనరాదు” అనెను. నేను తెల్లబోయితిని. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత మన దేశపు చిలుకలను పట్టుటయు, అమ్ముటయు, పంజరమున పెంచుటయు నిషిద్ధము. ఇంత చదివియు నాకది తెలియదు. మీలో ననేకులకును తెలిసియుండదు. అతడే అటవీశాఖవారికి ఫోను చేసెను. పక్షి మిక్కిలి నీరసించి యుండుటచే, వైద్యము ముగియువఱకు నా యొద్ద నుంచి పిదప అప్పగింపవలసినదని వారు వ్రాతమూలమున తెలిపిరి.

వైద్యుడు చెప్పిన మొదటి మాట ఇది: “భయము మనోవ్యాధియే. అయినను ముందు దేహమును చూడవలెను.” పేలు, చర్మరోగము, కాలేయ రోగము, ఆహార లోపము, వీనిలో ఏది యున్నను చిలుక ఈకలు పెఱుకుకొనవచ్చును. అతడు దానిని తూచెను. తొంబది గ్రాములు మాత్రమే యుండెను. ఆరోగ్యముగా నున్న రామచిలుక ఇంచుమించు 100 మొదలు 140 గ్రాముల వఱకు తూగును. మలమును పరీక్షకు పంపెను. చిలుకల మలము ఎండి ధూళియై మన ఊపిరిలో చేరినచో మనుష్యులకు జ్వరము, దగ్గు, ఊపిరితిత్తుల వాపు కలిగించు వ్యాధి యొకటి కలదు. చిలుకను ముట్టిన పిదప చేతులు కడుగుకొనవలెననియు, పంజరమును తడిపి తుడువవలెనే గాని పొడిగా ఊడ్వరాదనియు చెప్పెను. దైవవశమున ఆ వ్యాధి మా చిలుకకు లేదని తేలెను. ఉన్నది ఆహార లోపము. ఏండ్ల తరబడి వడ్లు, ప్రొద్దుతిరుగుడు గింజలు మాత్రమే తిన్న చిలుకకు ‘ఏ’ విటమిను లోపించి చర్మమును గొంతును చెడును.

పిమ్మట భయమును గూర్చి చెప్పెను. “మాస్టారూ, పిల్లికిని డేగకును చూపు ముందుకుండును. చిలుక కన్నులు ప్రక్కల నుండును. తనను సూటిగా చూచునది తనను వేటాడునదే యని దానికి తోచును. మీరు ఎదుట కూర్చుండి చూచుచుండగా అది పాఠము విన్నదనుకొన్నారా? ప్రాణభయముతో నుండినది.” నేను మాటాడలేకపోతిని. ముప్పదినాలుగేండ్లు బెత్తము పట్టి బాలుర కన్నులలోనికి సూటిగా చూచినవాడను. వెఱచిన బాలుడు అప్పగించిన పాఠము మఱునాటికి నిలువదని నాకు తెలియకపోలేదు. తెలిసియు బెత్తమును విడువలేదు.

అతడు విధించిన పథ్యము చెప్పెదను. పంజరమును ఇంటి నడుమ వ్రేలాడదీయక, వెనుక గోడ యుండునట్లు మన కన్నుల యెత్తున నుంచవలెను. రాత్రి పది పండ్రెండు గంటలు చీకటియు నిశ్శబ్దమును ఉండవలెను. సాంబ్రాణి, అగరువత్తి, వంటపొగ దరికి రాకూడదు. పక్షి దేహములో గాలితిత్తులుండుటచే పొగ దానికి మనకంటె శీఘ్రముగా హాని చేయును. గింజలు తగ్గించి మునగాకు, తోటకూర, గుమ్మడి, కారెట్టు, జామ పెట్టవలెను. పచ్చిమిరపకాయ కారము పక్షులకు తెలియదు గనుక అదియు పెట్టవచ్చును. వెడల్పు మూకుడులో స్నానమునకు నీరు పెట్టవలెను. అన్నిటికంటె ముఖ్యము, దానికి పని కల్పించవలెను. అడవిలో చిలుక ప్రొద్దులో చాల భాగము మేత వెదకుటలోనే గడపును. పని లేని ముక్కు తన ఈకలనే పెఱుకును. కావున వేపపుల్లలు, చింతకాయలు, పొత్తుతో మొక్కజొన్న కట్టి యుంచితిమి.

ఇక నా వంతు. పదియడుగుల దూరమున, ప్రక్కకు తిరిగి కూర్చుండి, మెల్లగా భాగవతము చదువుకొనుచుంటిని. దినమునకు జానెడు చొప్పున దగ్గఱకు జరిగితిని. అది ఈకలు బిగించి మెడ నిక్కించెనా, వెనుకకు జరిగితిని. ఇరువదవ దినమున నేనుండగానే మునగాకు కొఱికెను. రెండు నెలలకు నా చేతినుండి జామముక్క తీసికొనెను. ఱొమ్మున బూడిదవన్నె నూగు మొలచెను. తూకము 112 గ్రాములాయెను. నేను దానిచేత రామనామము పలికింపలేదు. పలికింపవలెనను కోరికయు పోయెను.

అప్పుడు అటవీశాఖవారు వత్తుమని కబురంపిరి. శ్రోతలారా, దాచక చెప్పెదను. ఇయ్యనని చెప్పవలెనని బుద్ధి పుట్టెను. చచ్చిపోయినదన్నచో ఎవరికి తెలియును? నా యిల్లాలు కన్నీరు పెట్టుకొనుచు ఆ మాటయే అనెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పూర్వజన్మమున ఒక చిలుకను పండ్రెండు దినములు పంజరమున నుంచిన ఫలముగా భద్రాచల రామదాసు గోలకొండలో పండ్రెండేండ్లు చెఱ అనుభవించెనని మన పెద్దలు చెప్పుదురు. ఆ కథను ఎన్ని తరగతులకు చెప్పితినో లెక్క లేదు. చెప్పినవాడను గాని విన్నవాడను గాను. తెల్లవాఱిన పిదప పంజరమును నేనే వారి బండిలో నుంచితిని.

పంజరము తలుపు తీసి ఎగురవేయవచ్చును గదా యని మీరడుగవచ్చును. అది పుణ్యము గాదు. కత్తిరించిన ఈక తిరిగి పెరుగదు. అది రాలి క్రొత్త ఈక మొలవవలెను, దానికి నెలలు పట్టును. అంతవఱకు అది కాకులకును పిల్లులకును ఆహారమగును. గుంపులో మెలగుటయు, మేత వెదకుటయు దానికి మఱల అలవడవలెను.

ఎనిమిది నెలల పిమ్మట పోయి చూచితిని. విశాలమైన వలగదిలో పదునైదు చిలుకలు కొమ్మనుండి కొమ్మకు ఎగురుచున్నవి. మా చిలుక ఏదియో పోల్చుకొనలేకపోతిని. ఱొమ్మున ఈక లేని చిలుక వానిలో ఒక్కటియు లేదు. ఆ మాట చెప్పగా నా యిల్లాలు నవ్వెను.

పెద్దలారా! చలికాలము చివర చెట్టుతొఱ్ఱలలో చిలుకలు పిల్లలను పెట్టును. వానిని తీయవచ్చువారిని వారింపుడు. జాలిచేతనైనను చిలుకను కొనకుడు. కొన్న ఒక్కదానికి బదులు మఱియొకటి పట్టుబడును. దిక్కులేని చిలుక కనబడినచో గుడ్డ కప్పి, సద్దు లేని చోట నుంచి, అటవీశాఖవారికి తెలిపి, పశువైద్యునకు చూపుడు. దాని యెదుట కూర్చుండి పాఠము మాత్రము చెప్పకుడు.

సెలవు.