ముక్కుపుడక, కనుబొమ్మ రింగు, క్లయింటు

(హైదరాబాదులో ఉద్యోగినుల హక్కులపై జరిగిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పనిచేసే చోట హక్కులు అనగానే మనం జీతాల గురించి, ప్రసూతి సెలవు గురించి, లైంగిక వేధింపుల గురించి, రాత్రి షిఫ్టుల గురించి మాట్లాడతాం. మాట్లాడాలి కూడా. ఈ రోజు నేను వాటి పక్కన చాలా చిన్నదిగా కనబడే విషయం ఎత్తుకుంటున్నాను. అది ముఖం మీద పెట్టుకునే ఒక పుడక, ఒక రింగు. ఇదీ ఒక సమస్యేనా అని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించేది. నేను చేసిన ఒక తప్పు వల్ల ఆ అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

కొన్నేళ్ళ క్రితం నేను బాధ్యత తీసుకున్న ఒక అధ్యయనంలో ఒక అమ్మాయి ఊళ్ళు తిరిగి ఇంటర్వ్యూలు చేసేది. ఆమె ఎడమ కనుబొమ్మ చివర చిన్న వెండి రింగు ఉండేది. ఊళ్ళో ఆడవాళ్ళు మొదట దాన్ని చూసి నవ్వేవారు. "నొప్పి పుట్టలేదా బిడ్డా?" అని అడిగేవారు. ఆ మాటల్లోంచే అసలు మాటలు మొదలయ్యేవి. మా బృందంలో అందరికంటే మంచి ఇంటర్వ్యూలు ఆమె తెచ్చినవే. ఏడాది చివర నిధులిచ్చే సంస్థ ప్రతినిధులు వారం రోజులు ఉండడానికి వస్తున్నారని తెలిసింది. ముందురోజు సాయంత్రం ఆమెని పిలిచి, "వాళ్ళున్నన్నాళ్ళు అది తీసేసి రా. బయటివాళ్ళు కదా, కాస్త పద్ధతిగా ఉంటే బావుంటుంది" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసి, "మరి మీ ముక్కుపుడకో అక్కా?" అంది.

నా ముక్కుకి పదమూడో ఏట మా అమ్మమ్మ కుట్టించిన ఎర్రరాయి పుడక ఉంది. "ఇది వేరు" అన్నాను. ఎలా వేరో చెప్పలేకపోయాను. మర్నాడు ఆమె రింగు లేకుండా వచ్చింది. వచ్చినవాళ్ళు ఊళ్ళ ఎంపిక గురించి అడిగారు, ఖర్చుల లెక్కలు అడిగారు. ఎవరి ముఖాన ఏముందో ఎవరూ పట్టించుకోలేదు. వారం తర్వాత ఆమె రింగు మళ్ళీ పెట్టుకోబోతే రంధ్రం పూడుకుపోయింది. కొద్ది నెలల్లో ఆమె వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయింది.

ఇందులో గమనించవలసినది ఒకటుంది. తీసెయ్యమని నన్ను ఎవరూ అడగలేదు. ఎవరూ ఉత్తరం రాయలేదు, ఫోను చెయ్యలేదు. లేని అభ్యంతరాన్ని నేనే ఊహించుకుని, దాన్ని మరొకరి ముఖం మీద అమలు చేశాను. ఆ తర్వాత హోటళ్ళలో, కార్పొరేట్ ఆసుపత్రుల ఫ్రంట్ ఆఫీసుల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసే కొందరు స్త్రీలతో ఈ విషయం కదిపి చూశాను. అందరూ ఒకే మాట చెప్పారు: "క్లయింటు ఏమనుకుంటాడో" అని పైవాళ్ళు అంటారట. ఏ క్లయింటు అన్నాడు, ఎప్పుడన్నాడు అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ క్లయింటు చాలాసార్లు మేనేజరు మనసులోనే ఉంటాడు. మేనేజరుకి ఏది నచ్చదో సరిగ్గా అదే ఆయనకీ నచ్చదు.

ఒక హోటల్ రిసెప్షన్‌లో పనిచేసే అమ్మాయి చెప్పిన సంగతి నేను మర్చిపోలేను. మామూలు రోజుల్లో ఆమె ముక్కుకి చిన్న పుడక కూడా ఉండకూడదు. అది ప్రొఫెషనల్‌గా ఉండదన్నారు. సంక్రాంతి వారం వచ్చేసరికి మేనేజిమెంటు వాళ్ళే పట్టుచీరలు, జడగంటలు, అతికించుకునే పెద్ద ముక్కెరలు తెప్పించి, గుమ్మం దగ్గర హారతిపళ్ళెంతో నిలబెట్టారు. "నా ముక్కుకి నా పుడక పనికిరాదు, వాళ్ళ ముక్కెర పనికొస్తుంది" అంది ఆమె. ముఖం ఎవరిది అన్న ప్రశ్న ఇంతకంటే సూటిగా ఎవరడుగుతారు?

ఇక "ఇది వేరు" అన్న నా మాట దగ్గరికి వస్తాను. ముక్కుపుడక మన సంప్రదాయం, కనుబొమ్మ రింగు ఫ్యాషన్ అని మనలో చాలామంది అనుకుంటాం. అమరావతి శిల్పాలు చూడండి. స్త్రీల చెవులకు బరువైన కుండలాలుంటాయి, చేతుల నిండా కడియాలుంటాయి, ముక్కు మాత్రం బోసిగా ఉంటుంది. ప్రాచీన భారతదేశంలో ముక్కు ఆభరణం ఆనవాళ్ళు లేవనీ, అది మధ్యయుగాల్లో వచ్చిందనీ ఆల్తేకర్ వంటి చరిత్రకారులు చెప్పారు. అంటే మన "అనాది సంప్రదాయం" కూడా ఒకప్పుడు కొత్తగా వచ్చిన ఫ్యాషనే.

పైగా ముక్కుపుడకలన్నీ ఒకటి కావు. రవ్వల బేసరి ఒక ఇంటి సంపదను చాటేది. లంబాడా స్త్రీ ముక్కుకున్న భూరియా, మన్యంలో ముసలమ్మలు ముక్కుకి అటూ ఇటూ మధ్యనా పెట్టుకునే మూడు రింగులు పట్నంలో ఎగతాళికి గురయ్యాయి. బంగారం తాకట్టుకి వెళ్ళినప్పుడు రంధ్రం పూడకుండా చీపురుపుల్ల గుచ్చుకున్న స్త్రీలు మన ఇళ్ళలోనే ఉన్నారు. కొన్ని కులాల్లో భర్త పోగానే ముక్కుపుడక తీయించేవారు. కాబట్టి దాన్ని నెత్తిన పెట్టుకుని పూజించమని నేను అనడం లేదు. పెట్టుకొమ్మని బలవంతం చేసిన చెయ్యీ తీసెయ్యమని బలవంతం చేసే చెయ్యీ ఒకటేనని అంటున్నాను. అప్పుడు కుటుంబం పేరు చెప్పారు, ఇప్పుడు క్లయింటు పేరు చెబుతున్నారు.

ఈ విషయంలో కోర్టులు ఏమన్నాయో కూడా చూద్దాం. ముక్కుపుడక మీద ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం వివరంగా ఆలోచించిన సందర్భం దక్షిణాఫ్రికాలో వచ్చింది. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటల కూలీలుగా నేటాల్‌కి వెళ్ళిన తమిళ, తెలుగు కుటుంబాల వారసులు అక్కడ ఇప్పటికీ ఉన్నారు. 2004లో డర్బన్‌లో ఒక తమిళ కుటుంబానికి చెందిన బడిపిల్ల సెలవుల్లో ముక్కు కుట్టించుకుని బడికి వచ్చింది. బడి నియమాల ప్రకారం చెవులకు చిన్న దిద్దులు పెట్టుకోవచ్చు, ముక్కుకి పెట్టుకోకూడదు. పిల్ల పెద్దదయ్యాక ముక్కు కుట్టించడం తమ ఆచారమనీ, పదహారేళ్ళు నిండాక అమ్మమ్మ బంగారు పుడక తీసి వజ్రం పెడుతుందనీ తల్లి చెప్పింది. కింది కోర్టు ఇందులో అన్యాయమైన వివక్ష లేదంది. హైకోర్టు ఉందంది. చివరికి 2007లో రాజ్యాంగ న్యాయస్థానం, ప్రధాన న్యాయమూర్తి పయస్ లాంగా రాసిన తీర్పులో, అది అన్యాయమైన వివక్షేనని చెప్పింది. పిళ్ళై కేసు అంటారు దాన్ని.

ఆ తీర్పులో రెండు సంగతులు మనకు ముఖ్యం. అందరికీ ఒకేలా కనబడే నియమం నిజంగా అందరికీ ఒకటి కాదు. చెవిదిద్దు అలవాటున్న వాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు, ముక్కుపుడక అలవాటున్న వాళ్ళే నష్టపోతారు. రెండోది, ఒక ఆచారం మతంలో తప్పనిసరి కాకపోయినా, మనిషి తనంతట తానుగా పాటిస్తున్నా, ఆమె గుర్తింపులో అది భాగమైతే దానికి రక్షణ ఉంటుంది.

కానీ ఈ తీర్పు నన్ను కాపాడుతుంది గానీ ఆ అమ్మాయిని కాపాడదు. మతమో సంస్కృతో చూపించగలిగిన వాళ్ళకే అందులో చోటుంది. కనుబొమ్మ రింగుకి దగ్గరగా వచ్చిన కేసు అమెరికాలోది. కాస్ట్‌కో అనే దుకాణాల సంస్థలో పనిచేసే ఒక క్యాషియరు కనుబొమ్మ రింగు తియ్యనంది. శరీరానికి కుట్టు పెట్టుకోవడం తమ మతవిశ్వాసమని వాదించింది. సంస్థ నియమాల్లో చెవిపోగులు తప్ప ముఖం మీద నగలు ఉండకూడదు. 2004లో అప్పీలు కోర్టు ఆమెకి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ప్రజల ముందు సంస్థ కనబడే తీరును కాపాడుకోవడం యజమాని హక్కనీ, ఆమెకి మినహాయింపు ఇవ్వడం సంస్థకు భారమనీ అంది. నేను ఆ సాయంత్రం అన్న "ఇది వేరు", "పద్ధతి" అన్న మాటలే ఇక్కడ న్యాయభాషలో కనబడ్డాయి.

అయితే "కస్టమరు ఇష్టం" అన్న వాదన ప్రతిసారీ నెగ్గలేదు. 1971లోనే అమెరికాలో ఒక విమాన సంస్థ, ప్రయాణికులకు ఆడవాళ్ళే నచ్చుతారు కాబట్టి మగవాళ్ళని కేబిన్ ఉద్యోగంలోకి తీసుకోమని వాదించి ఓడిపోయింది. 2023లో ఆ దేశపు సుప్రీంకోర్టు, ఉద్యోగి మతాచరణకు చోటివ్వనని యజమాని అనాలంటే వ్యాపారానికి గణనీయమైన భారం పడుతుందని చూపించాలంది. ఆ మతం అంటే తోటివాళ్ళకి ఉన్న అయిష్టాన్ని ఆ భారం కింద లెక్కెయ్యకూడదని కూడా అంది.

ఇంకో తీర్పు మన పనికి చాలా ఉపయోగపడుతుంది. 2013లో యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానం ఇద్దరు బ్రిటిష్ ఉద్యోగినుల ఫిర్యాదులను ఒకే తీర్పులో పరిశీలించింది. ఇద్దరూ మెడలో శిలువ వేసుకున్నవాళ్ళే. ఒకామె బ్రిటిష్ ఎయిర్‌వేస్ చెక్-ఇన్ ఉద్యోగిని. అక్కడ సంస్థ చెప్పిన కారణం ఇమేజ్. ఆమె గెలిచింది. చిన్న శిలువ వల్ల ఎవరికీ నష్టం జరిగినట్టు రుజువు లేదనీ, బ్రిటన్ కోర్టులు ఇమేజ్‌కి మరీ ఎక్కువ బరువిచ్చాయనీ న్యాయస్థానం అంది. రెండో ఆమె నర్సు. అక్కడ చెప్పిన కారణం రోగుల భద్రత. వేలాడే గొలుసును రోగి పట్టి లాగవచ్చు, అది గాయానికి తగలవచ్చు. ఆమె ఓడిపోయింది. వస్తువు ఒకటే, తీర్పులు రెండు. మనం కూడా ఈ గీత గీసుకోవాలి. మిషను దగ్గర, వంటశాలలో, ఆపరేషన్ థియేటరులో నగలు వద్దంటే ఆ కారణాన్ని పరీక్షించి చూడవచ్చు. "బావుండదు" అన్నదాన్ని పరీక్షించడానికి ఏమీ ఉండదు.

మన దేశంలో పరిస్థితి ఏమిటి? ప్రైవేటు ఉద్యోగంలో ముఖం, వేషం గురించి నేరుగా మాట్లాడే చట్టం మనకు లేదు. మన సుప్రీంకోర్టు 1981లో నర్గీష్ మీర్జా కేసులో, ఎయిర్ హోస్టెస్‌ని మొదటి గర్భంతోనే ఉద్యోగం నుంచి తీసేసే నిబంధనను కొట్టేసింది. చేరిన నాలుగేళ్ళ లోపు పెళ్ళి చేసుకుంటే తీసెయ్యవచ్చన్న నిబంధనను మాత్రం నిలబెట్టింది. అప్పట్లో ఎయిర్ ఇండియా ప్రభుత్వ సంస్థ కాబట్టి సమానత్వపు హక్కు చూపించి కోర్టుకి వెళ్ళగలిగారు. ప్రైవేటు హోటల్ రిసెప్షనిస్టుకి ఆ దారి కూడా లేదు. అందుకే ఆమె పక్కన నిలబడేది యూనియన్లు, సంఘాలు, మనమే కావాలి.

ఎవరైనా ఇలాంటి సమస్యతో మన దగ్గరికి వస్తే ఏం చెయ్యాలి? మొదట ఆ నియమాన్ని కాగితం మీద రాసివ్వమని అడిగించండి. నోటిమాటగా ఉన్న నియమాలు చాలావరకు కాగితం అడగగానే మెత్తబడతాయి. ఏ క్లయింటు, ఏ తేదీన అభ్యంతరం చెప్పాడో అడగండి. చెవిపోగులకి అనుమతి ఉండి ముక్కుకి ఎందుకు లేదో, మగవాళ్ళ ఉంగరాలకీ గడ్డాలకీ ఏ నియమం ఉందో అడగండి. భద్రత కారణమైతే అతుక్కుని ఉండే చిన్న పుడకతోనో, పైన పట్టీతోనో సరిపోతుందేమో చూడండి. "డ్యూటీలో తీసేసి తర్వాత పెట్టుకో" అనడం తేలిక. కొత్తగా కుట్టించిన ముక్కు మానడానికి నెలలు పడుతుందనీ, ఈలోగా తీస్తే ఎంతో సేపు పట్టకుండానే పూడుకుపోతుందనీ వాళ్ళకి చెప్పండి.

అన్నిటికంటే ముందు మన సంస్థల్లో మనం ఏం చేస్తున్నామో చూసుకుందాం. మనకీ క్లయింట్లున్నారు. మనం వాళ్ళని దాతలంటాం, అధికారులంటాం. వాళ్ళు వచ్చే రోజున ఎవరిని ముందు కూర్చోబెడతాం, ఎవరిని టీ ఇవ్వమని పంపిస్తాం, ఎవరికి "చీర కట్టుకుని రా" అని చెబుతాం? మా సంస్థలో ఇప్పుడు, పనికి అడ్డం రానంతవరకు ఒంటి మీద ఏముందో ఎవరూ ఎవరికీ చెప్పకూడదని నియమం రాసుకున్నాం. అది రాయడానికి ఒకామె కనుబొమ్మ రంధ్రం పూడుకుపోవలసి వచ్చింది.

ఈ ప్రసంగానికి ముందు ఆ అమ్మాయికి ఫోను చేశాను. "నీ సంగతి చెప్పనా?" అని అడిగి, ఆలస్యంగానైనా క్షమించమన్నాను. ఆమె కాసేపు ఆగి, "చెప్పండక్కా. కానీ మీరు తీసెయ్యమన్నారనే కాదు, నేను ఎందుకు తీశానో కూడా చెప్పండి. ఆ నెల మా నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు. కాంట్రాక్టు రెన్యూ చేసేది మీరే కదా" అంది.

అది నాకు అప్పుడు తెలియదు. తెలుసుకోవాలని కూడా నేను అనుకోలేదు. "మేమేమీ బలవంతం చెయ్యలేదు, అడిగాం అంతే" అని మీ ముందు ఏ యజమాని అన్నా, ఆ మాట గుర్తు చేసుకోండి. జీతం ఇచ్చే చెయ్యి అడిగినప్పుడు అది అడగడం మాత్రమే కాదు.